మహమ్మారి రోజుల్లో లీగ్ నడపాలంటే: ముందు రాత్రుల లెక్క తేల్చుకోండి

ఈమధ్య దేవరకొండ వైపు నుంచి నలుగురు కుర్రాళ్లు మా ఇంటికొచ్చారు. కబడ్డీ లీగ్ పెడతారట. ఎనిమిది టీములు, వేలంపాట, ఆటగాళ్లకు ఫీజు, లోకల్ కేబుల్ ఛానెల్‌లో లైవ్... అన్నీ రాసుకొచ్చారు. ఫ్రాంచైజీ వాళ్లతో చేసుకునే ఒప్పంద పత్రంలో ఒక పేరా మాత్రం ఖాళీగా ఉంచారు. "అన్నా, కరోనా అసుంటిది మళ్లొస్తే ఏం జెయ్యాల్నో నువ్వే రాసియ్యి. దుబాయిల ఐపీఎల్ పెట్టినట్టు బబుల్ అని రాస్తే ఐపోతది గదా" అన్నాడు వాళ్లలో పెద్దోడు.

అట్లా ఐపోయేదైతే నేను కూడా ఒక్క ముక్క రాసిచ్చి పంపేవాణ్ని. కానీ 2021 ఫిబ్రవరిలో మా చేతులు కాలాయి.

కేసులు తగ్గుముఖం పట్టాయని అందరం ఊపిరి పీల్చుకున్న రోజులవి. నల్గొండ దగ్గర రెండ్రోజుల కబడ్డీ పోటీ పెట్టాం. కోర్టు ఆరుబయటే. గేటు దగ్గర మాస్కులు ఇచ్చాం, శానిటైజర్ స్టాండు పెట్టాం, వచ్చిన ప్రతివాడి నుదుటికి ఆ తెల్ల తుపాకీ గురిపెట్టి టెంపరేచర్ చూశాం. అంతా పద్ధతిగానే చేస్తున్నామని మా నమ్మకం. రాత్రికి మాత్రం దూరం నుంచి వచ్చిన మూడు టీములను ఒక ఫంక్షన్ హాల్లో పడుకోబెట్టాం. టెంట్‌హౌస్ పరుపులు పక్కపక్కనే పరిచాం. దోమలు కుడుతున్నాయని ఎవరో కిటికీలు మూసేశారు. మూలన నీళ్ల డ్రమ్ము, దానికి గొలుసుతో కట్టిన ఒకే ఒక స్టీలు గ్లాసు.

నాలుగో రోజు ఫోన్లు మొదలయ్యాయి. హాల్లో పడుకున్న మూడు టీముల్లోనూ జ్వరాలు. వాళ్లతో కోర్టులో కలియబడి ఆడి, రాత్రి బైకుల మీద ఇళ్లకు పోయిన మిర్యాలగూడ కుర్రాళ్లకు మాత్రం ఏమీ కాలేదు. ఒక్క సంఘటన పట్టుకుని సిద్ధాంతం చెప్పకూడదని నాకూ తెలుసు. అయినా అప్పటి నుంచి ఏ టోర్నమెంట్ గురించి విన్నా నా మొదటి ప్రశ్న ఒకటే: రాత్రి ఎవరు ఎక్కడ పడుకున్నారు? 2020 నుంచి 2022 దాకా పెద్ద లీగులు పడ్డ పాట్లను ఈ ప్రశ్నతో చూస్తే, మనలాంటి వాళ్లకు ఏది పనికొస్తుందో తేలిగ్గా తెలుస్తుంది.

అందరినీ ఒక్కచోట మూసిపెట్టడం

బయటివాళ్లెవరూ కలవకుండా ఆటగాళ్లను ఒక్కచోట మూసిపెట్టే ఈ బబుల్ అంటే జనానికి గుర్తొచ్చేది 2020 ఐపీఎల్. సెప్టెంబర్ 19 నుంచి నవంబర్ 10 దాకా దుబాయి, అబుదాబి, షార్జా, ఈ మూడు చోట్లే 60 మ్యాచులు. దేశం మారింది కదా, భద్రమే అనుకుంటే పొరపాటు. టోర్నీ మొదలవకముందే, ఆగస్టు 20–28 మధ్య చేసిన 1,988 పరీక్షల్లో 13 మందికి పాజిటివ్ వచ్చింది, వాళ్లలో ఇద్దరు ఆటగాళ్లు. అయినా టోర్నీ ఆగలేదు. ఎందుకంటే దిగగానే ఎవరి గదిలో వాళ్లను ఆరు రోజులు ఉంచారు. మొదటి రోజు, మూడో రోజు, ఆరో రోజు పరీక్షలు చేశారు. జబ్బు బబుల్ గుమ్మం దగ్గరే దొరికిపోయింది. బబుల్లో అసలు పని చేసేది గోడ కాదు, గుమ్మం దగ్గర గడిపే ఆ ఆరు రోజులు. మనవాళ్లు బబుల్ అనగానే హోటల్ బుక్ చేస్తారు, ఈ ఆరు రోజులను మాత్రం ఖర్చు దండగని కోసేస్తారు.

అమెరికాలో ఎన్‌బీఏ వాళ్లు ఓర్లాండో దగ్గర డిస్నీ వరల్డ్‌లో 22 బాస్కెట్‌బాల్ టీములను పెట్టుకుని 2020 జులై చివర నుంచి అక్టోబర్ 11 దాకా ఆడించారు. క్వారంటీన్ దాటి లోపలికి వెళ్లాక ఆటగాళ్లలో ఒక్క కేసూ రాలేదు. దానికి 17, 18 కోట్ల డాలర్లు అయిందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ అంకె విని భయపడక్కర్లేదు, మనకు దగ్గరి ఉదాహరణ ఇంకోటుంది. ప్రొ కబడ్డీ ఎనిమిదో సీజన్‌ను బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లోనే పెట్టారు. పడక అక్కడే, తిండి అక్కడే, మ్యాట్ అక్కడే. 2021 డిసెంబర్ 22న మొదలై 2022 ఫిబ్రవరి 25న ముగిసింది, ప్రేక్షకులు లేరు. (మన తెలుగు టైటాన్స్ ఆ సీజన్లో గెలిచింది ఒక్కటంటే ఒక్క మ్యాచ్. దానికి మాత్రం కరోనాను తిట్టి లాభం లేదు.) అంత కట్టుదిట్టంగా ఉన్నా జనవరిలో ఒమిక్రాన్ లోపలికి దూరింది. రెండు టీములు ఆటగాళ్లను దించలేక షెడ్యూల్ మార్చాల్సి వచ్చింది. కానీ లీగ్ ఆగలేదు. ఏ టీమ్ ఎక్కడుందో, ఎవరు ఎవరితో తిరిగారో తెలుస్తుంది కాబట్టి ఆ రెండు టీములను పక్కనపెట్టి మిగతావాళ్లతో నడిపించగలిగారు.

దేవరకొండ లీగ్‌కు ఇదే లెక్క వేసి చూద్దాం. టీముకు 12 మంది ఆటగాళ్లు, ఒక కోచ్, ఒక మేనేజర్. ఎనిమిది టీములకు 112 మంది. రెఫరీలు, స్కోరర్లు, కెమెరా వాళ్లు, వంటవాళ్లు, డ్రైవర్లు కలిపి ఇంకో 28 వేసుకుంటే 140. ఒక్కొక్కరికి మూడు ఆర్‌టీపీసీఆర్ పరీక్షలంటే 420. తెలంగాణలో ప్రైవేటు ల్యాబుల్లో పరీక్షకు ధర 2020 జూన్‌లో 2,200 రూపాయలని పెట్టి, ఆ ఏడాదే తర్వాత 850కి తగ్గించారు. తగ్గిన ధరకే వేసుకున్నా 3,57,000 రూపాయలు. మన దగ్గర మొదటి బహుమతి 50 వేలుంటే గొప్ప. ఇంకా గదుల కిరాయి లెక్కలోకి రానే లేదు.

అందుకని మన స్థాయిలో ఇది కుదరదని కొట్టిపారెయ్యను. బడులు మూతపడ్డ రోజుల్లో గురుకులాల హాస్టళ్లు ఖాళీగా ఉంటాయి, అనుమతి తెచ్చుకోగలిగితే. నాగార్జునసాగర్ లాంటి చోట టూరిస్టులు రాని కాలంలో గదులుంటాయి, ఊరికి దూరం, వచ్చీపోయేవాళ్లు తక్కువ. గురుకులం డార్మిటరీ అంటే వరుసగా మంచాలు వేసిన పెద్ద హాలు, మళ్లీ మా ఫంక్షన్ హాలు కథే. ఒక టీమ్‌కు ఒక హాలు, కిటికీలు తెరిచి, దోమతెరలు కట్టి పడుకోబెట్టాలి. ఆ హాల్లో ఒకరికి వస్తే ఆ టీమ్ మొత్తం పోయిందనుకోవాలి, అంతకుమించి పోకూడదు. స్పాన్సర్ గట్టిగా ఉండి, కనీసం మూడు వారాలు ఆటగాళ్లను ఆపగలిగితేనే ఈ దారి పట్టండి. వారం రోజుల టోర్నీకి ఆరు రోజుల క్వారంటీన్ అంటే ఎవరూ ఉండరు, మధ్యలోనే గోడ దూకుతారు.

గోడ దూకడం అన్నది మాటవరసకు కాదు. 2020 జులైలో ఇంగ్లండ్ వాళ్లు సౌతాంప్టన్‌లో, మైదానానికి ఆనుకుని ఉన్న హోటల్లో ఆటగాళ్లను ఉంచి టెస్టు ఆడారు. మొదటి టెస్టు అయ్యాక జోఫ్రా ఆర్చర్ దారిలో తన ఇంటికి వెళ్లొచ్చాడు. రెండో టెస్టు నుంచి తీసేశారు. అంత పెద్ద బౌలర్‌నే పక్కన కూర్చోబెట్టారు. మనం మన ఊరి స్టార్ రైడర్‌ను కూర్చోబెట్టగలమా? గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి. పెట్టలేమంటే బబుల్ మాట ఎత్తొద్దు.

ఊరూరా తిరగడం

దీని గురించి ఎక్కువ చెప్పను. 2021 ఐపీఎల్‌ను ఏప్రిల్ 9న ఇండియాలో మొదలుపెట్టారు, ఆరు నగరాలు పెట్టుకుని, టీములు గుంపులుగా ఒక నగరం నుంచి ఇంకో నగరానికి వెళ్లేలా. మే 3న కోల్‌కతా టీములో ఇద్దరికి పాజిటివ్, మర్నాడు హైదరాబాద్, ఢిల్లీ టీముల్లో కూడా. 29 మ్యాచులకే ఆపేశారు. మిగతావి సెప్టెంబర్, అక్టోబర్‌లలో మళ్లీ యూఏఈలో ఆడారు. ఆటగాళ్లు అవే నిబంధనలు పాటించారు, డబ్బూ తక్కువ పెట్టలేదు. కానీ ప్రతి ప్రయాణానికీ కొత్త హోటల్, కొత్త డ్రైవర్, కొత్త వంటవాళ్లు, ఎయిర్‌పోర్టు.

మనవాళ్లు ఇదే పని ఇంకా అధ్వానంగా చేస్తారు. "ఒక మ్యాచ్ నల్గొండల, ఒకటి పాలమూరుల, ఒకటి వనపర్తిల పెడితే అన్ని ఊర్లల్ల పేరొస్తది" అంటారు. పేరు సంగతి సరే, 14 మందిని ఒక డీసీఎం వ్యానులోనో, కిటికీలు బిగించిన ఏసీ మినీ బస్సులోనో మూడు గంటలు కుక్కి తిప్పుతారు. మహమ్మారి రోజుల్లో దీనికి నా ఓటు లేదు.

ఒకే జిల్లాలో రెండు మూడు మైదానాలు

ఇది మధ్యే మార్గం. ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ వాళ్లు 2020–21లో గోవా దాటలేదు. ఫతోర్డా, బాంబోలిం, వాస్కో, ఈ మూడు స్టేడియాల్లోనే మొత్తం సీజన్ ఆడేశారు. ఏ టీమ్ హోటల్ దానిదే. రాత్రి పడుకునే చోటు మారదు, మారేది మైదానం మాత్రమే. మరుసటి ఏడాదీ అంతే. 2022 జనవరిలో కేసులొచ్చి మ్యాచులు వరసగా వాయిదా పడ్డాయి. అయినా మార్చి 20న ఫైనల్ జరిగింది, మన హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో కేరళను ఓడించి కప్పు గెలిచింది. 2022 ఐపీఎల్ కూడా ముందేడు నేర్చుకున్న పాఠంతో లీగ్ మ్యాచులు 70నీ ముంబై, పుణేల్లోని నాలుగు మైదానాలకే కుదించింది.

మనకు ఇంకా దగ్గర్లో ప్రైమ్ వాలీబాల్ లీగ్ ఉంది. మొదటి సీజన్‌ను కొచ్చిలో అనుకుని, కేసులు పెరగడంతో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి మార్చారు. 2022 ఫిబ్రవరిలో 24 మ్యాచులూ అక్కడే, జనం లేకుండా. వేదిక మార్చడానికి వెనకాడకపోవడం నాకు నచ్చింది. మన ఒప్పందంలో కూడా వేదిక పేరు పక్కన "లేదా నిర్వాహకులు నిర్ణయించిన మరో చోట" అన్న మాట ఉండాలి. లేకపోతే స్థానిక స్పాన్సర్ కోర్టు మెట్లెక్కిస్తాడు.

డబ్బున్న ఎనిమిది టీముల లీగ్‌కు ఈ పద్ధతి బాగుంటుంది. టీముకో లాడ్జి, టీముకో వాహనం, ఒక్క డ్రైవరే మొదటి రోజు నుంచి చివరి దాకా. ఆ డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడో కూడా అడగండి. ఎవరూ అడగరు. ఆటగాడికి మూడు పరీక్షలు చేయించి, రోజూ ఇంటి నుంచి వచ్చే వంట మాస్టర్‌ను వదిలేస్తాం. ఆయన గరిటె పట్టుకుని 112 మందికి వడ్డిస్తాడు.

పొద్దున వచ్చి రాత్రికి ఇంటికి

దేవరకొండ కుర్రాళ్లకు నేను చెప్పింది ఇదే. పెద్ద లీగులకు ఇది పనికిరాదు, వాళ్ల ఆటగాళ్లు ఖండాలు దాటి వస్తారు. మనకు ఎవడూ అంత దూరం నుంచి రాడు. నల్గొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు, మహబూబ్‌నగర్ నుంచీ సుమారుగా అంతే. దక్షిణ తెలంగాణలో ఏ టీమైనా తెల్లవారి బయల్దేరి మ్యాచులాడి రాత్రి భోజనానికి ఇంటికి చేరొచ్చు.

పద్ధతి ఇలా. ఎనిమిది టీములను నాలుగు చొప్పున రెండు గుంపులు చేయండి. ఒక ఆదివారం ఒక గుంపే. ఆ గుంపులోని ఆరు మ్యాచులూ ఆ రోజే. రెండో గుంపు పై ఆదివారం. రెండు గుంపుల వాళ్లు ఒకరి మొహం ఒకరు చూడరు. ఆ తర్వాత రెండు వారాలు ఏమీ పెట్టకుండా ఆగండి, ఎవరికైనా వచ్చి ఉంటే ఈలోపే బయటపడుతుంది. అప్పుడు సెమీస్, ఫైనల్. ఒక గుంపులో జబ్బు వచ్చినా నాలుగు టీములే ఆగుతాయి, లీగ్ సగమైనా బతుకుతుంది.

లోపాలు లేవని కాదు. ఆటగాడు ఇంట్లో తల్లిదండ్రుల మధ్య పడుకుని, మార్కెట్‌కు పోయి వస్తాడు; అతను ఏం మోసుకొస్తున్నాడో మనకు తెలియదు. అందుకే మ్యాచ్ రోజు పొద్దున్నే ర్యాపిడ్ టెస్ట్, అరగంటలో ఫలితం. దానికి ఆయుష్షు ఆ ఒక్క రోజే. నిన్నటి నెగెటివ్ కాగితం చూపించి ఇవాళ ఆడతానంటే ఒప్పుకోవద్దు. ర్యాపిడ్ టెస్ట్ కొన్ని కేసులను వదిలేస్తుంది కూడా. కాబట్టి ఆట లేనప్పుడు టీములు షామియానాలో కలిసి కూర్చోకుండా చూడాలి. ఒక్కో టీముకు మైదానంలో ఒక్కో మూల, చెట్టు నీడైతే ఇంకా మంచిది. భోజనం పొట్లాల్లో. నీళ్ల సీసా ఎవరిది వాళ్లదే, పేరు రాసి.

ఇంకో చిక్కు ఎండ. ఏప్రిల్, మే నెలల్లో నల్గొండ ఎండలో రోజుకు ఆరు మ్యాచులంటే కరోనా కన్నా ముందు వడదెబ్బ కొడుతుంది. పొద్దున ఆరింటికి మూడు మ్యాచులు, సాయంత్రం ఫ్లడ్‌లైట్ల కింద మూడు. మధ్యాహ్నం ఏసీ హాల్లో పడుకోబెడదాం అని మాత్రం అనొద్దు.

ఏ ఆట అన్నది కూడా చూడండి

అన్ని ఆటలకూ ఒకే నియమం చెల్లదు. క్రికెట్‌లో మనుషులు దూరదూరంగా నిలబడతారు. బంతికి ఉమ్మి రాయొద్దని ఐసీసీ 2020 జూన్‌లో నియమం పెడితే చాలావరకు సరిపోయింది. వాలీబాల్‌లో మధ్యన నెట్ ఉంటుంది. మన కబడ్డీనే అన్నిటికన్నా గడ్డు. రైడర్ ముప్పై సెకన్లు గొంతెత్తి కూత పెడతాడు, ఏడుగురు మీదపడి పట్టుకుంటారు, మొహం మీద మొహం. గట్టిగా గొంతు విప్పితే ఏమవుతుందో అమెరికాలో ఒక పాటల బృందం చూపించింది: వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 మార్చి 10న 61 మంది ఒక హాల్లో రెండున్నర గంటలు సాధన చేస్తే 53 మంది జబ్బుపడ్డారు. కాబట్టి కబడ్డీని మూసిన ఇండోర్ హాల్లోకి తీసుకెళ్లొద్దు. మ్యాట్‌కు ఇండోరే బాగుంటుందని రెఫరీలు గొణుగుతారు, గొణగనివ్వండి. అదే డబ్బుతో వాలీబాల్ లీగ్ పెట్టగలిగితే ఆ ఏడాదికి దాన్నే ఎంచుకోమంటాను. కబడ్డీ మీద ప్రాణం పెట్టుకున్న వాళ్లకు ఈ మాట రుచించదని తెలుసు.

జనం

ఇక్కడ సందేహమే వద్దు. 2020 జూన్‌లో జొకోవిచ్ నిండు గ్యాలరీల మధ్య ఎగ్జిబిషన్ టెన్నిస్ పెట్టి, ఒక ఆటగాడికి పాజిటివ్ రాగానే మధ్యలో ఆపేశాడు; ఆ తర్వాత తనూ ఇంకో ఇద్దరు ఆటగాళ్లూ పాజిటివ్ అయ్యారు. 2021 మార్చిలో అహ్మదాబాద్‌లో ఇంగ్లండ్‌తో టీ20లకు మొదటి రెండింటికి జనాన్ని రానిచ్చి, మిగతా మూడింటికి తలుపులు మూశారు. కానీ మనకు అంత దూరం ఎందుకు? అదే నెల 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభం రోజున, జనంతో కిక్కిరిసిన తాత్కాలిక గ్యాలరీ కూలిపోయింది. వందమందికి పైగా గాయపడ్డారు. మళ్లీ కేసులు పెరుగుతున్న రోజులు. అంతమంది ఒక్కసారిగా ఆస్పత్రికి వెళితే, అక్కడి పడకలు, డాక్టర్లు ఏమవ్వాలి? మహమ్మారిలో జనాన్ని వద్దనడానికి వైరస్ ఒక్కటే కారణం కాదు. ఏ ప్రమాదం జరిగినా మోసే శక్తి అప్పుడు ఆస్పత్రులకు ఉండదు.

జనం లేకపోతే టికెట్ డబ్బు పోతుంది. మన దగ్గర టికెట్ డబ్బు ఎప్పుడు వచ్చింది గనుక? స్పాన్సర్ బ్యానర్ యూట్యూబ్ లైవ్‌లో నాలుగు గంటలు కనిపిస్తే వాడికి చాలు. రెండు ఫోన్లు, రెండు స్టాండ్లు, కూత వినపడేట్టు ఒక మైకు. కామెంటరీకి మన యాసలో గలగలా మాట్లాడే పీఈటీ సార్ ఎవరో ఒకరు ప్రతి మండలంలో ఉంటారు.

వాయిదా కూడా ఒక ఎంపికే

1934లో మొదలైన రంజీ ట్రోఫీ అన్నేళ్లలో తొలిసారిగా 2020–21లో జరగలేదు. టోక్యో ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడ్డాయి, సింధు కాంస్యం విలువ దాంతో ఏమీ తగ్గలేదు. 2022 జనవరిలో ప్రభుత్వం సభలు, గుంపులపై ఆంక్షలు పెట్టినప్పుడు మేం సంక్రాంతి పోటీ మానుకున్నాం. ఊళ్లో తిట్లు తిన్నాం. అదే నెలలో ఢిల్లీలో ఇండియా ఓపెన్ బ్యాడ్మింటన్ ఆపకుండా నడిపితే, శ్రీకాంత్ సహా ఏడుగురు మనవాళ్లు పాజిటివ్ వచ్చి మధ్యలో తప్పుకున్నారు. జిల్లా ఆస్పత్రిలో పడకలు నిండుతున్నాయని వింటే మీ ఆలోచన కట్టిపెట్టండి, ఏ పద్ధతీ అక్కర్లేదు. మామూలు వార్డులు నడుస్తూ, ఆంక్షలు సడలించినప్పుడే పై లెక్కలన్నీ.

చివరికి ఆ ఖాళీ పేరాలో నేను రాసిచ్చింది ఐదు వాక్యాలు. గుంపులు, రెండు వారాల విరామం, పొద్దుటి పరీక్ష, వేదిక మార్చే హక్కు. ఐదోది చూసి కుర్రాళ్లు గొడవపడ్డారు: జ్వరం ఉందని చెప్పి తప్పుకున్న టీముకు ఎంట్రీ ఫీజు మొత్తం వాపసు, ఆటగాడికి ఆ రోజు ఫీజు పూర్తిగా. "గట్లయితే మనకు నష్టం గదన్నా" అన్నాడు పెద్దోడు. ఆ ఫిబ్రవరిలో మా హాల్లో పడుకున్న ఒక రైడర్‌కు ముందురోజే ఒళ్లు వెచ్చగా ఉందట. చెబితే ఆడనివ్వరు, ఆడకపోతే డబ్బు రాదు. ఒక మాత్ర వేసుకుని వచ్చాడు, మా తెల్ల తుపాకీకి దొరకలేదు. ఈ సంగతి చెప్పాక పెద్దోడు కాసేపు ఆ కాగితం వైపే చూసి, ఐదో వాక్యాన్ని మొదటికి మార్చమన్నాడు.